కిటికీ పక్క మంచం

జూన్ 11

మరదలికి,

నీ ఉత్తరాలు మూడూ అందాయి. జవాబు రాయలేదు. ప్రత్యేకంగా కారణం లేదు. కాగితం తీస్తాను, తేదీ వేస్తాను, అక్కడ ఆగిపోతుంది. ఫోను చేయమంటావు. ఫోనులో నాకు సగం మాటలు వినపడవు. వినపడని చోటల్లా ఊఁ కొడతాను. నువ్వు నవ్వుతావు. అందుకని ఉత్తరమే నయం.

మీ అక్క పోయి ఇవాళ్టికి మూడు నెలలు. ఇల్లు బాగానే ఉంది. నేనూ బాగానే ఉన్నాను.

ఒక పని ఉండి రాస్తున్నాను. ఆమె చివరగా వేస్తూ ఉన్న బొమ్మ ఒకటుంది. చిన్నప్పుడు మీరిద్దరూ పడుకున్న గది. చెక్క పలక మీద ఆయిల్ రంగులు. మూడడుగుల పొడుగు, రెండడుగుల ఎత్తు. ఆమె మంచం, గోడలో అలమర, నేల మీద పరిచిన కాగితాలు, తలుపుకి వేలాడుతున్న గొడుగు, అన్నీ అయ్యాయి. ఒక చివర జానెడు వెడల్పు మాత్రం ఖాళీగా ఉంది. అక్కడ కిటికీ, కిటికీ పక్కన నీ మంచం ఉండాలట. "అది దాని మూల. అక్కడ ఏం దాచుకునేదో నాకేం తెలుసు, నన్ను రానిస్తేగా. పలక దానికి పంపించండి, అదే వేసుకుంటుంది" అంది. ఆసుపత్రికి వెళ్లే ముందు వారం.

పంపుతానని మాట ఇచ్చాను. నెలాఖరులోగా పంపుతాను.

నీ ఆరోగ్యం ఎలా ఉందో రాయి.

బావ


జూన్ 24

బావగారికి,

మూడు ఉత్తరాలకి ఒక్క జవాబు. మీ దగ్గర అదే ఎక్కువ. పెళ్లయిన కొత్తలో అక్క అనేది, "ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముందు కాలేజీ గంట కొట్టాలే" అని. క్లాసులో పాఠం ఎలా చెప్పేవారో మీ స్టూడెంట్లని అడగాలి.

నేను రానిచ్చేదాన్ని కాదందా? ఎంత అబద్ధం. గది మధ్యన సుద్దముక్కతో గీత గీసింది తనే. నేను దాటితే జుట్టు దొరకబుచ్చుకునేది. నా మూలలో ఏముండేదో తెలీదుట. నా పెన్సిళ్లన్నీ ఎవరు అరగదీశారు మరి, ఎలకలా?

పంపించండి. వేస్తాను. బట్టల మిల్లులో ముప్పయ్యేళ్లు గళ్ల కాగితం మీద దుప్పట్లకి పూలు గీసినదాన్ని, ఇలాంటి బొమ్మ మీద చెయ్యి పెట్టగలనా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ ఉంది. కానీ అది నా మంచం. ఎన్ని నవారు పట్టీలు ఎక్కడ తెగాయో కూడా చెప్పగలను. రిటైరయ్యాక కూడా మొన్నమొన్నటి దాకా రోజూ ఏదో ఒకటి గీస్తూనే ఉన్నాను. గీయకపోతే అన్నం తిననట్టు ఉంటుంది.

ఇంకొకటి. అక్క కుంచెల్లో లావు పిడులవి ఉంటాయే, మీరు లేతు మిషను ఆయన చేత చేయించేవారు, అవి ఒక నాలుగు కూడా పెట్టి పంపండి. ఎందుకని అడక్కండి.

ఆలస్యం మాత్రం చేయకండి. రాత్రంతా రైల్లో ఊగి వచ్చిన సొంత మరదల్ని, పదింటికి వచ్చిందన్న పాపానికి పదకొండున్నర దాకా మెట్ల మీద కూర్చోబెట్టిన మహానుభావులు మీరు. ఆ మెట్టు చల్లదనం ఇప్పటికీ నా నడుంలో ఉంది. ఆ బాకీ ఇలా తీర్చుకోండి.

నా ఆరోగ్యానికేం. గుండ్రాయిలా ఉన్నాను.

మెట్ల మీది మరదలు


జూలై 19

మరదలికి,

బొమ్మ ఇంకా పంపలేదు. వర్షాలు పడుతున్నాయి. పలక తడిస్తే ఉబ్బుతుంది. పెట్టె చేసే వడ్రంగి ఊళ్లో లేడు. వచ్చాక చేయిస్తాను.

మెట్ల సంగతి. ఎప్పుడో చెప్పవలసింది. కీళ్లవాతం ఉన్నవాళ్లకి పొద్దున్నే వేళ్లు బిగుసుకుని ఉంటాయి. ఎనిమిదింటికి మాత్ర వేస్తే, వేడినీళ్లలో చేతులు పెట్టి, ఒక్కొక్క వేలూ మెల్లగా కదిపితే, పదింటికి వదులయ్యేవి. పదకొండున్నరకి మళ్లీ వాచేవి. మీ అక్కకి రోజు మొత్తంలో దొరికింది ఆ గంటన్నర. ఆ వేళ మేం కుక్కరు పెట్టేవాళ్లం కాదు. కుళాయి తిప్పేవాళ్లం కాదు. ఎదురు దుకాణం దర్జీ రేడియో తగ్గించేవాడు. నా పాఠాలన్నీ మధ్యాహ్నానికి మార్చమని ప్రిన్సిపాల్ని బతిమాలుకున్నాను. పెళ్లయిన ముప్పయ్యారేళ్లలో నేను ఎవరినైనా బతిమాలుకున్నది అదొక్కటే.

నువ్వు వచ్చిన రోజు ఆమె తలుపు తీయమంది. నేనే తీయలేదు. తీస్తే ఆ రోజు పోతుందని. తర్వాత నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నువ్వు ఆమె తీయొద్దందని అనుకుని ఉంటావు. కాదు.

కుంచెల గురించి. అవి నీకు పనికిరావు. ఆ పిడులు మీ అక్క గుప్పిటకి కొలిచి చేయించినవి. ఒక్కొక్కటి మొక్కజొన్న కంకంత లావు ఉంటుంది. వేళ్లు మడవలేనివాళ్లకి అవి. నీలాంటి మంచి చేతికి అడ్డమే తప్ప సాయం ఉండదు. కొట్లో మామూలు కుంచెలు కొనుక్కో. గుర్తుగా ఉంచుకోవాలంటే వేరే ఏదైనా పంపుతాను. ఆమె కళ్లజోడు ఉంది.

నేను ఇప్పటికీ పదింటికి గడియ పెడుతున్నాను. అలవాటు. బొమ్మ ఈజిల్ మీదే ఉంది. ఎదురుగా కూర్చుంటాను. పదకొండున్నరకి లేస్తాను.

బావ


ఆగస్టు 8

బావగారికి,

మీ ఉత్తరం అందింది. కుంచెలు అక్కర్లేదు. కళ్లజోడు కూడా అక్కర్లేదు.

బొమ్మ ఏ తేదీన పంపేదీ తెలియజేయగలరు. వడ్రంగి దొరక్కపోతే రెండు అట్టల మధ్య కట్టి పంపినా చాలు. ఇంకా ఆలస్యమైతే నా వల్ల కాకపోవచ్చు.

మరదలు


ఆగస్టు 21

మరదలికి,

అచ్చు కొట్టించిన ఉత్తరం అందింది. కింద పేరు దగ్గర కూడా అచ్చే. చేతి సంతకం లేదు. కాలేజీ వాళ్లు పింఛను కాగితాలు ఇలాగే పంపుతారు. ఇన్నేళ్లలో నువ్వు నన్ను వెక్కిరించావు, దెప్పావు, తిట్టావు. తెలియజేయగలరు అని ఎప్పుడూ అనలేదు. మెట్ల సంగతి నిజం చెప్పాను కనక కోపం వచ్చి ఉంటుంది. న్యాయమే.

ఆలస్యమైతే నీ వల్ల కాదన్నావు. నీకు వేరే పనులున్నాయని అర్థమైంది.

ఇప్పుడు నిజం రాస్తాను. వడ్రంగి వచ్చి నెలైంది. పెట్టె తయారుగా ఉంది. నేనే బొమ్మని అందులో పెట్టలేదు.

ఆ మూల నీ కోసం వదిలిందని నేను అనుకోవడం లేదు. చివరి నెలల్లో గంటన్నర కాస్తా ఇరవై నిమిషాలైంది. ఓపిక అయిపోయింది. అయిపోయిందని నాతో అనలేక చెల్లెలి మీద పెట్టింది. ఆమె పద్ధతి అదే. ఒళ్లు కాలిపోతుంటే "ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది కదండీ" అనేది.

కుంచె ఆపిన చోటు స్పష్టంగా కనబడుతుంది. గోడ రంగు సాగి సాగి పలచబడుతుంది. తర్వాత ఒట్టి చెక్క. ఆ అంచు మీద ఇంకొకరి రంగు పడితే ఆ చోటు ఇక ఉండదు. నాకు మిగిలింది అది.

అలాగే ఉండనీ. మాట తప్పినవాణ్ణి నేనే. నీ తప్పు లేదు.

బావ


సెప్టెంబరు 1

బావగారికి,

ఇదీ అచ్చే. కోపగించుకునే ముందు చివరిదాకా చదవండి.

మా కింది వాటాలో జిరాక్స్ షాపు ఉంది. ఆ అమ్మాయి తన కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టింది. ఒక్క వేలితో కొడుతున్నాను. తక్కిన తొమ్మిదీ మాట వినడం లేదు. పోయిన ఉత్తరంలో సంతకం ఎందుకు లేదంటే, ఆ రోజు పెన్ను జారి మూడుసార్లు కింద పడింది. మూడోసారి తీయలేదు.

పోయిన నవంబరులో డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. అక్కదే. తనకి ఇరవై రెండో ఏట వచ్చింది, నాకు అరవయ్యో ఏట. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన కంగారుపడ్డాడు.

నీలాంటి మంచి చేతికి అని రాశారు. ముప్పయ్యారేళ్లు చేతుల్ని చూస్తూ బతికిన మనిషి మీరు. నా జూన్ ఉత్తరం చూశారు కదా. ఆ అక్షరాలు ఎలా ఉన్నాయో చూడలేదా? అది రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పిడుల కుంచెలు ఎందుకు అడిగానో ఒక్కసారైనా తట్టలేదా? తప్పు నాలోనూ ఉందిలెండి. మీరు అడిగితే గుండ్రాయినన్నాను. అక్క ఒక్కత్తే అబద్ధాలాడేదనుకున్నారా, మా ఇంటి గుణమే అది.

అక్కకి తెలుసు. జనవరిలో ఫోనులో చెప్పి ఏడ్చాను. ఇక గీతలూ లేవు గాతలూ లేవు, పెన్సిళ్లన్నీ జిరాక్స్ అమ్మాయికి ఇచ్చేస్తున్నానన్నాను. తను ఏడవనిచ్చింది. తర్వాత, "నీ మంచం పక్క గోడకి ఏం రంగే?" అంది. నేనిక్కడ ఏడుస్తుంటే నీకు గోడ రంగు కావలసి వచ్చిందా అని తిట్టాను. "చెప్పకు. వచ్చి వేద్దువు గాని. నీ మూల వదిలేస్తున్నా. నువ్వు వెయ్యకపోతే నా బొమ్మ సగంలో చెడుతుంది. తర్వాత నీ ఇష్టం" అంది.

ఓపిక అయిపోయి కాదు బావగారూ. ఆ గోడ ఇంకో రెండు రోజుల పని. తను వేసెయ్యగలదు. వెయ్యలేదు. నన్ను మళ్లీ కూర్చోబెట్టడానికి.

మీకు చెప్పనివ్వలేదు. "ఆయనకి ఒక జత చేతులు చాలు" అంది.

నాకు వేరే పనులున్నాయని రాశారు. నాకు ఏం పనులున్నాయండీ. వారం వారం వేళ్లు ఇంకొంచెం ఒంగుతున్నాయి. తొందర అందుకు.

మీకు ఆ అంచు మిగిలిందన్నారు. నాకు మిగిలింది దాని పక్క ఖాళీ. ఏం చేస్తారో మీ ఇష్టం.

మీ మరదలు


సెప్టెంబరు 6

మరదలికి,

నీ జూన్ ఉత్తరం తీసి చూశాను. ఒక్కొక్క అక్షరం రెండు మూడుసార్లు ఆగి రాసినట్టుంది. ముందే కనబడవలసింది. నువ్వు వేసిన జోకులు చదివాను, చెయ్యి చదవలేదు. క్షమించు.

బొమ్మ ఇవాళ పెట్టెలో పెట్టాను. మేకులు వడ్రంగి కొట్టాడు. బుధవారానికి చేరుతుంది. ఆ అంచు మీద ఎక్కడ వెయ్యాలనిపిస్తే అక్కడ వెయ్యి. నన్ను అడగకు.

మీ అక్క పిడులు నీకు నిజంగానే సరిపోవు. జబ్బు ఒకటే అయినా గుప్పిళ్లు వేరు. ఇలా చెయ్యి. తడి బంకమట్టి ముద్ద తీసుకో. పొద్దున్నే కాదు, చెయ్యి వదులయ్యాక. నొప్పి లేకుండా ఎంత మూయగలవో అంతే మూసి పట్టుకో. గొప్పకి పోయి ఎక్కువ మూయకు. మొదటిసారి మీ అక్క అదే చేసింది. ఆ పిడి మూడు రోజులు కూడా పట్టుకోలేకపోయింది. ముద్దని నీడలో ఆరబెట్టి పంపు. లేతు ఆయన దాన్ని చూసి చెక్క తిప్పుతాడు. జారకుండా మీద సైకిల్ ట్యూబు చుడతాను.

మాత్ర ఖాళీ కడుపున వేసుకోకు. వేడినీళ్లు మోచేయి ముంచి చూసుకో, వేళ్లకి వేడి సరిగా తెలియదు. నీకు ఏ గంట దొరుకుతుందో పది రోజులు గమనించు. దొరికాక గడియ పెట్టు. ఎవరొచ్చినా తీయకు. నేనైనా సరే.

చెడ్డ రోజులుంటాయి. ఆ రోజు కుంచె ముట్టకు, రంగులు కలుపు. కలపడం కూడా కుదరకపోతే ఊరికే చూడు. మీ అక్క పనిలో సగం చూడటమే.

ఒక జత చేతులు చాలన్నది ఆమె మాట. నన్ను అడగలేదు. పది నుంచి పదకొండున్నర దాకా నా చేతులు ఖాళీగా ఉంటున్నాయి.

బావ


అక్టోబరు 12

బావగారికి,

పెన్సిలుతో రాస్తున్నాను. మీ లేతు ఆయన కుంచెలతో పాటు పెన్సిలుకి కూడా ఒక పిడి పంపాడు. మీరు చెప్పారా, తనకే తోచిందా? అక్షరాలు కోడి కెలికినట్టున్నా నావే. ఇవాళ సంతకం కూడా పెడతాను, చూసుకుని మురవండి.

మట్టిముద్ద పోస్టు చేస్తుంటే కౌంటర్లో ఆయన "ఇందులో ఏముందమ్మా" అన్నాడు. నా గుప్పిట అన్నాను. నా మొహం కేసి చూడకుండా ముద్ర గుద్దేశాడు.

బొమ్మ వచ్చిన రోజు విప్పి, వారం రోజులు గోడ వైపు తిప్పి పెట్టాను. తర్వాత చూశాను. అలమర ఒక అర కిందికి వేసింది. ఆ గొడుగు నాది, నల్లది, తను నీలం చేసేసింది. దిద్దను. తన వైపు తనది.

నాకు దొరికింది నలభై నిమిషాలు. అదీ పొద్దున కాదు, మధ్యాహ్నం మూడింటికి. మీ పది, పదకొండున్నర నా దగ్గర చెల్లలేదు. గడియ పెడుతున్నాను. నిన్న కరెంటు మీటరు మనిషి వచ్చి తలుపు కొట్టి కొట్టి వెళ్లిపోయాడు. జిరాక్స్ అమ్మాయి, "పెద్దమ్మగారు లోపల ఆఫీసులో ఉన్నారు, రేపు రండి" అని చెప్పిందట.

ఆ అంచు దగ్గర మూడు రోజులు కుంచె పట్టుకుని కూర్చున్నాను. అక్క గోడ పలచబడే చోట నా గోడ మొదలవ్వాలి. నాలుగో రోజు వేశాను. రెండు రంగులూ ఒకటి కాలేదు. తనది కొంచెం పసుపు, నాది కొంచెం బూడిద. పక్కపక్కన ఉన్నాయి. బాగుందో లేదో తెలియదు. చేతులు వణికి మంచం కోడు ఒకటి వంకర పోయింది. నిజం మంచానిదీ వంకరే, కనక బతికిపోయాను.

నిన్న రాత్రి నిద్ర పట్టింది. నొప్పి ఉంది. అయినా పట్టింది.

మీ మరదలు (ఇది చేత్తో)


నవంబరు 20

మరదలికి,

సంతకం చూశాను.

పెన్సిలు పిడి లేతు ఆయన సొంత తెలివి. డబ్బు తీసుకోలేదు.

ఈజిల్ ఖాళీగా ఉంది. గడియ మాత్రం పెడుతున్నాను. నిన్న దర్జీ మెట్లెక్కి వచ్చాడు. "సారూ, అడగొచ్చో లేదో. ఇప్పుడు పొద్దున పూట రేడియో పెట్టుకోమంటారా?" అన్నాడు. పెట్టుకోమన్నాను. పెట్టాడు. పది నిమిషాలకి తనే ఆపేశాడు. తర్వాత మిషను చప్పుడు కూడా ఆగింది. కిటికీలోంచి చూస్తే చేత్తో గుండీలు కుడుతున్నాడు.

ఆమె వేసిన బొమ్మలన్నీ వరసగా పెట్టి చూస్తున్నాను. రెండు వందల పదకొండు. ప్రతిదీ వేస్తున్నప్పుడు నేను పక్క గదిలో ఉన్నాను. అంత దగ్గర ఉండి చూడనివి చాలా ఉన్నాయి.

మూల ఎంతవరకు వచ్చింది? తొందర పెట్టడం లేదు. చలి పెరిగింది, ఉన్ని చేజోళ్లు వేసుకుని పడుకో.

బావ


జనవరి 17

బావగారికి,

అయింది. యాభై మూడు రోజులు కూర్చుంటే జానెడు బొమ్మ. మిల్లులో ఉండి ఉంటే ఎప్పుడో ఇంటికి పంపేసేవాళ్లు.

మధ్యలో పద్దెనిమిది రోజులు అసలు ముట్టుకోలేదు. మోకాళ్లు కూడా పట్టేశాయి. మీరు చెప్పినట్టు చూస్తూ కూర్చున్నాను. చూడటం కూడా పనే అంటే మొదట నమ్మలేదు. పద్దెనిమిదో రోజుకి అక్కడ ఏం వెయ్యాలో తెలిసింది.

పెట్టెలో పెట్టి పంపుతున్నాను. నా దగ్గర ఉంచుకోను. నేను ఇంకోటి మొదలుపెట్టాను, ఆ గది బయట వరండా. ఈసారి మొత్తం నాదే. ఈజిల్ ఒకటి కొనాలి, మీకు తెలిసిన కొట్టు ఉంటే చెప్పండి.

మీరు విప్పే ముందు ఒక మాట. కిటికీ వేశాను, మంచం వేశాను. మంచం మీద నేను లేను. ఆ వయసులో నేనెలా ఉండేదాన్నో నాకేం తెలుసు. నా కళ్లకి ఎప్పుడూ ఎదురుగా కనబడింది ఒకత్తే. గదిలో వెలుతురు నా కిటికీ దగ్గరే ఉండేది. నేను బడి నుంచి వచ్చేసరికి నా మంచం ఎక్కి కూర్చుని ఉండేది. లేవమంటే "అయిపోయిందే, ఒక్క నిమిషం" అనేది. ఆ నిమిషం చీకటి పడేదాకా అయ్యేది కాదు.

అందుకని తనే ఉంది. పోలిక కుదరలేదనిపిస్తే నాకు చెప్పకండి.

మీ మరదలు


జనవరి 29

మరదలికి,

పెట్టె నిన్న వచ్చింది. ఇవాళ విప్పాను.

అమ్మాయికి పదేళ్లుంటాయి. మోకాళ్ల మీద అట్ట, అట్ట మీద కాగితం. తల వంచి గీస్తోంది. మొహం సగమే కనబడుతోంది. ఆ సగం చాలు, పోల్చుకున్నాను.

చెయ్యి పోల్చుకోలేదు. నువ్వు పొరబడ్డావనుకున్నాను. మీ అక్క ఎడమ చేత్తో వేసేది. నువ్వు కుడి చేత్తో గీస్తున్నట్టు వేశావు. కాసేపటికి తట్టింది. కుడిచెయ్యి నేను రాకముందే పోయింది. పెళ్లినాటికే ఆ వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. ఎడమ చేత్తో మళ్లీ మొదటినుంచి నేర్చుకుంది. ఇది నాకు కొత్త సంగతి కాదు. ఎందరో డాక్టర్లకి నేనే చెప్పాను, తేదీలతో సహా. కానీ ఆ చెయ్యి పని చేస్తూ ఎలా ఉండేదో ఒక్కసారి కూడా ఊహించలేదు. ముప్పయ్యారేళ్లు దాన్ని వేడినీళ్లలో పెట్టాను, తుడిచాను, నూనె రాశాను. జబ్బుచెయ్యి అనే పట్టుకున్నాను.

నువ్వు అయిదు వేళ్లూ వేశావు. తిన్నగా ఉన్నాయి. చిటికెన వేలు కాగితానికి ఆనించి ఉంది. చూపుడు వేలు పెన్సిలు మీద కొంచెం గట్టిగా నొక్కుతోంది. ఆ నొక్కడం నీ చెయ్యి వణికి వచ్చిందా, ఆమె నిజంగా అలాగే నొక్కేదా?

నాకు రాయి. పెన్సిలు ఎలా చెక్కేది, బ్లేడుతోనా, కత్తితోనా. ఎడమ మోచేయి ఎక్కడ పెట్టుకునేది. తప్పు పోతే చెరిపేదా, కాగితం చింపేదా. ఆ చేత్తో జడ వేసేదా నీకు, గట్టిగా లాగేదా. ఎంత చిన్న సంగతైనా సరే, ముందూ వెనకా చూడకుండా రాయి. నీ నలభై నిమిషాలు మాత్రం పోగొట్టుకోకు, అవి అయ్యాక రాయి. ఒక్కొక్క వాక్యం రాసి పంపినా చాలు.

ఆమె ఎడమచెయ్యి గురించి నన్నెవరైనా అడిగితే చెప్పగలను. కుడిచెయ్యి నాకు తెలియదు. దాన్ని ఎరిగినదానివి ఇప్పుడు నువ్వొక్కదానివే.

బావ